ఖాళీ ఇంట్లో గడియ

పేరు వద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది, కుదించి చెబుతున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. పెళ్లి కాలేదు. "కాలేదు అనకండి, చేసుకోలేదు అనండి" అని ఉత్తరంలో ఆమే దిద్దారు. 38 ఏళ్లు వచ్చేవరకూ అమ్మానాన్నలతోనే ఉన్నారు. తండ్రి పోయాక తల్లి తమ్ముడి ఇంటికి వెళ్లారు, ఈమె తనకంటూ రెండు గదుల ఇల్లు చూసుకున్నారు. లెక్కలు చూసే ఉద్యోగం, డబ్బుకు ఇబ్బంది లేదు. సాయంత్రం తాళం తీసి లోపల అడుగుపెట్టగానే "భుజాల మీంచి బరువేదో దిగినట్టు" ఉంటుందట. పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎదుటి గోడ మీద పడ్డ ఎండ మెల్లగా కిందికి జారడం చూస్తారు. కుర్చీలు రెండున్నాయి. రెండోదాని మీద చదవాల్సిన పుస్తకాలు పేరుకుపోయాయి.

మూడు నెలల కింద ఒక రాత్రి బాత్‌రూమ్‌లో కాలు జారింది. చీలమండ బెణికి లేవలేకపోయారు. ఫోన్ పడకగదిలో ఉంది. తలుపు గడియ లోపలి నుంచి వేసి ఉంది. నలభై నిమిషాలు తడినేల మీద పడి ఉండి, చివరికి గోడ పట్టుకుని పాకుతూ వచ్చి గడియ తీశారు. ఎముక విరగలేదు, నొప్పి పది రోజుల్లో పోయింది. సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రాత్రి నుంచి ఒక అనుమానం పట్టుకుంది: "నేను హాయిగా ఉన్నానని నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నానా?"

గోరుచుట్టు మీద రోకటిపోటులా మిగతావన్నీ ఇప్పుడే వచ్చిపడ్డాయి. తల్లి ఫోన్ చేసినప్పుడల్లా "నా తర్వాత నీకెవరే?" అంటున్నారు. తమ్ముడు, ఒంటరితనం రోజుకు 15 సిగరెట్లు తాగడంతో సమానమన్న వార్త ఒకటి పంపాడు. పంపిన రెండు రోజులకే "నువ్వు ఒక్కదానివే కదక్కా, అమ్మ నీ దగ్గరుంటే ఇద్దరికీ తోడు" అన్నాడు. ఒక స్నేహితురాలు సంబంధం తెచ్చింది. ఆయనకు 45 ఏళ్లు, విడాకులయ్యాయి, పిల్లలు లేరు. రెండుసార్లు కలిసి మాట్లాడుకున్నారు. నెలాఖరుకల్లా ఏదో ఒకటి తేల్చాలని స్నేహితురాలు గడువు పెట్టింది. "రేపటి తోడు కోసం ఇప్పుడు ఒప్పుకోవడం తెలివా, పిరికితనమా? ఇలాగే ఉండిపోవడం ధైర్యమా, మొండితనమా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం చదివి పక్కన పెట్టాక నాకు మిగిలిపోయింది ఆ గడియ. ఇంట్లో మీరు తప్ప ఎవరూ లేరు. వీధి తలుపుకి తాళం వేసే ఉంది. మరి బాత్‌రూమ్ గడియ ఎవరి కోసం వేశారు? నవ్వులాటకు అడగడం లేదు. 38 ఏళ్లు నలుగురున్న ఇంట్లో బతికిన చెయ్యి అది, దానంతటది గడియ మీదికి వెళ్తుంది. ఒంటరిగా ఉండటం మీ మనసుకు వచ్చేసింది, చేతికి ఇంకా రాలేదు. మీకు సంబంధం కుదురుతుందా లేదా అన్నదానికీ దీనికీ ఏ లంకె లేదు. ఈ రాత్రి నుంచే ఆ గడియ వేయడం మానేయండి. మిగతావి నింపాదిగా మాట్లాడుకుందాం.

మీరు ఒకే ప్రశ్న అనుకుని రాసినదాంట్లో నాలుగు ప్రశ్నలు పెనవేసుకుపోయాయి. పడితే ఎవరు చూస్తారన్నది ఒకటి. నా సంతోషం నిజమేనా అన్నది ఇంకొకటి. అమ్మ ఎక్కడ ఉండాలి, ఆయనకు ఏం చెప్పాలి అన్నవి మిగతా రెండు. పడ్డ రాత్రి పుట్టిన భయం ఈ నాలుగింటినీ ఒకే తాడుతో కట్టేసింది. అందుకే "ఒప్పుకోవడమా, ఉండిపోవడమా" అని రెండే దారులు కనిపిస్తున్నాయి.

ముందు సంతోషం సంగతి. అది నిజమా నటనా అని నన్ను తీర్పు చెప్పమంటున్నారు. మీ ఉత్తరంలోనే ఆధారం ఉంది. ఆయన గురించి మీరు రాసింది మూడు వాక్యాలు: మంచివారు, నెమ్మదస్తులు, మాటకు విలువిస్తారు. కిటికీ దగ్గరి ఎండ గురించి పేజీన్నర రాశారు. మభ్యపెట్టుకునేవాళ్లు గోడ మీద ఎండ ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుందో గమనించరు. ఊరికే కూర్చోవడం అందరికీ వచ్చే పని కాదు. 2014లో అమెరికన్ మనస్తత్వవేత్త తిమోతీ విల్సన్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. నొక్కితే కరెంటు షాక్ కొట్టే బటన్ మాత్రం ఉంది. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఒక్కసారైనా ఆ బటన్ నొక్కారు. అంతకుముందు వాళ్లంతా, డబ్బిచ్చయినా ఆ షాక్ తప్పించుకుంటామన్నవాళ్లే! మీరైతే ఆ పావుగంటలో ఏం చేసేవారో నాకు తెలుసు. గోడ చూసేవారు.

అయినా మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ఒకటుంది. "ఎవరికీ చెప్పలేదు." ఎందుకు చెప్పలేదు? అమ్మకు చెబితే ఏడుస్తుందని, తమ్ముడికి చెబితే "చూశావా!" అంటాడని, స్నేహితురాలికి చెబితే సంబంధం ఖాయం చేసేస్తుందని. ఇక్కడే మీకు తెలియకుండా ఒక బరువు నెత్తికెత్తుకున్నారు. ఒంటరిగా బాగున్నానని మూడేళ్లుగా అందరి ముందూ వాదన గెలుస్తూ వస్తున్నారు. వాదన గెలవాలంటే ఒక్క చెడ్డ రోజు కూడా ఒప్పుకోకూడదు. పెళ్లయినవాళ్లకు ఈ బాధ లేదు. ఇవాళ మనసు బాగాలేదని ఒకావిడ అంటే, వెంటనే మొగుణ్ని వదిలెయ్యమని ఎవరూ సలహా ఇవ్వరు. మీరు అదే మాట అంటే మాత్రం "పెళ్లి చేసుకుంటే పోయేది" అంటారు. దానికి భయపడి మీరు తడినేల మీద నలభై నిమిషాలు గడిపిన రాత్రిని కూడా దాచుకున్నారు. నేను పన్నెండేళ్లు ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి ఈ అలవాటు నాకు బాగా తెలుసు. జ్వరంతో మూలుగుతూ ఫోన్లో "ఏం లేదు, గొంతు పట్టేసింది" అన్నదాన్నే.

వాదన ఓడిపోండి. ఒంటరిగా ఉండటం మీకు ఇష్టం, ఒక్కో రాత్రి భయం కూడా వేస్తుంది. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే వారంలో ఉంటాయి, ఒకటి అబద్ధమైతేనే రెండోది నిజమవ్వాలని లేదు.

తమ్ముడు పంపిన వార్త గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అలాంటివి సగం చదివే మనకు గుండెల్లో రాయి పడుతుంది. 15 సిగరెట్ల పోలికకు బాగా ప్రచారం వచ్చింది 2023లో, అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ఆ దేశ ప్రజారోగ్య ప్రధానాధికారి) వివేక్ మూర్తి ఒంటరితనం మీద వెలువరించిన హెచ్చరికతో. దాని వెనక ఉన్నది అమెరికన్ మనస్తత్వవేత్త జూలియానా హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో ప్రచురించిన సమీక్ష. 148 అధ్యయనాలు, మూడు లక్షలకు పైగా మనుషులు. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువని అందులో తేలింది. ఆ సమీక్షలోనే ఇంకో సంగతి ఉంది. రకరకాల మనుషులతో రకరకాలుగా ముడిపడి ఉండటాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు తేడా అన్నిటికన్నా పెద్దగా కనిపించింది. ఇంట్లో ఒక్కరే ఉంటారా, ఇంకెవరైనా ఉన్నారా అని మాత్రమే చూసినప్పుడు అన్నిటికన్నా చిన్నగా కనిపించింది. మీకు అనుకూలమైనదే చెప్పి ఊరుకోను. 2015లో అదే పరిశోధకురాలు చేసిన ఇంకో సమీక్షలో, ఒంటరిగా నివసించడం కూడా ముందుగా చనిపోయే ప్రమాదంతో ముడిపడే ఉంది, 32 శాతం మేర. అది సగటు. భార్యనో భర్తనో పోగొట్టుకుని ఒంటరైనవాళ్లూ, జబ్బుతో మూలబడ్డవాళ్లూ, మీలా కోరి ఉన్నవాళ్లూ ఇలాంటి లెక్కల్లో ఒకే గదిలో కూర్చుంటారు. కాబట్టి మీరు చూసుకోవాల్సింది ఇంట్లో ఎంతమంది ఉన్నారని కాదు. ఈ నెలలో ఎంతమందితో మనసు విప్పి మాట్లాడారు, మీరు కనబడకపోతే ఎన్ని గంటల్లో ఎవరికి తెలుస్తుంది?

1973లో రాబర్ట్ వైస్ అనే సామాజికవేత్త ఒంటరితనాన్ని రెండుగా విడదీశాడు. మనసు విప్పుకునే ఒక్క మనిషి లేకపోవడం ఒకటి, కలిసిమెలిసి తిరిగే నలుగురు లేకపోవడం రెండోది. ఒకదాని లోటు రెండోదానితో తీరదు. మీ ఉత్తరం చూస్తే మీకు నలుగురున్నారు. ఆఫీసులో వాళ్లు, వారం వారం కలిసి నడిచే ఇద్దరు, పై అంతస్తు పెద్దావిడ. ఆ రాత్రి సంగతి చెప్పుకోగల ఒక్కరు మాత్రం కనబడలేదు. ఆ ఒక్కరు భర్తే కానక్కర్లేదు. వారం వారం నడిచేవాళ్లలో ఒకరికి ఈ వారం ఆ నలభై నిమిషాల కథ చెప్పి చూడండి. చెప్పాక ఆమె ముఖం ఎలా మారుతుందో చూస్తే, ఆ ఒక్కరు ఆమేనా కాదా తెలిసిపోతుంది.

ఇక పడితే ఎవరు చూస్తారన్న ప్రశ్న. ఇది మనసు వైద్యుడి కన్నా వడ్రంగి చూడాల్సిన విషయం. బాత్‌రూమ్ గోడకు గట్టి పట్టుకమ్మీ, నేల మీద జారని చాప. ఫోన్ లోపలికి తీసుకెళ్లండి, తడవకుండా చేతికందేంత కిందుగా ఒక అర పెట్టించండి. పైన పెడితే పడ్డవాళ్లకు అందదు. పడిపోతే తానే కనిపెట్టి సాయానికి ఫోన్ చేసే చేతి గడియారాలు వచ్చాయి, ఆపిల్ వాచ్‌లో 2018 నుంచి ఉంది. కొనడం కొనకపోవడం మీ ఇష్టం. ఇంటి తాళంచెవి ఒకటి పై అంతస్తు ఆవిడ దగ్గర ఉంచండి. రోజూ పొద్దున ఒకరికి "లేచాను" అని ఒక్క మాట పంపే ఒప్పందం పెట్టుకోండి. తొమ్మిదింటికల్లా అది రాకపోతే వాళ్లు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే పైఇంటావిడ తాళం తీయాలి. ఇది ఒకవైపు సాయం కాకుండా చూసుకోండి. ఆ పెద్దావిడ కూడా ఒక్కరే ఉంటారని రాశారు కదా, ఆవిడ తాళంచెవి మీరూ ఉంచుకోండి. మొహమాటం సగం తగ్గుతుంది. వాడే మందులు, వైద్యుడి పేరు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఫోన్ తాళం తీయకుండానే కనబడేలా పెట్టుకోవచ్చు. మీరు స్పృహలో లేనప్పుడు వైద్యం గురించి ఎవరు నిర్ణయించాలో, మీ డబ్బు ఎవరికి చెందాలో కాగితం మీద రాసి పెట్టండి. పెళ్లయినవాళ్ల దగ్గర జనం అడక్కుండానే భర్త వైపో భార్య వైపో తిరుగుతారు. మీ విషయంలో ఎవరి వైపు తిరగాలో మీరే చెప్పి ఉంచాలి.

ఇవన్నీ చేసినా పడకుండా ఉంటారని కాదు. పడితే నలభై నిమిషాలు నాలుగు నిమిషాలవుతాయి.

అమ్మ సంగతికి వస్తున్నాను. "నా తర్వాత నీకెవరే?" అన్న మాటలో మీరు మీ భవిష్యత్తునే విన్నారు. నాకు ఆవిడ వర్తమానం వినిపించింది. ఆవిడకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు, అయినా ఇవాళ రాత్రి పక్కన భర్త లేడు. ఏ జంటలోనైనా, ఇద్దరూ ఒకేసారి పోతే తప్ప, ఎవరో ఒకరు చివరికి మిగులుతారు. ఆవిడ మీ గురించి భయపడుతూ తన గురించి చెబుతున్నారేమో. ఈసారి ఆ మాట అన్నప్పుడు మీ సంజాయిషీ మొదలుపెట్టకుండా "అమ్మా, నాన్న పోయాక నీకు రాత్రుళ్లు ఎలా ఉంటోంది?" అని అడిగి చూడండి. ఒకటి మాత్రం అనగలను. డొనాల్డ్ విన్నికాట్ అనే బ్రిటిష్ శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు 1958లో ఇలా రాశాడు: ఒంటరిగా హాయిగా ఉండగలిగే శక్తి, తల్లి దగ్గరుండగానే తన ఆటలో తాను మునిగిపోయిన పసితనంలో పుడుతుంది. మీరు కిటికీ దగ్గర అంత నిబ్బరంగా కూర్చోగలుగుతున్నారంటే అందులో అమ్మ చెయ్యి ఉంది. ఆవిడకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు.

తమ్ముడు అడిగింది వేరే విషయం, దానికి ముసుగు వేశాడంతే. "నువ్వు ఒక్కదానివే కదా" అంటే "నీ సమయం ఖాళీయే కదా" అని అర్థం. పెళ్లికానివాళ్ల ఇల్లూ, సెలవులూ, సాయంత్రాలూ ఉమ్మడి ఆస్తి అనుకోవడం ఇళ్లలోనూ ఉంది, ఆఫీసుల్లోనూ ఉంది. బెల్లా డీపాలో అనే మనస్తత్వవేత్త ఈ ధోరణికి "సింగిలిజం" అని పేరు కూడా పెట్టారు. అయితే తమ్ముడి మీద కోపంతో అమ్మ విషయం తేల్చకండి. మరదలికీ అత్తగారికీ పడటం లేదా, ఖర్చు బరువైందా, ముందు అది అడగండి. అమ్మను తెచ్చుకుంటే కిటికీ దగ్గరి పొద్దులు మారిపోతాయి. రెండో కుర్చీ ఖాళీ చేయాలి. అది సంతోషంగానే చేయొచ్చు, కానీ "ఒక్కదాన్నే కాబట్టి" అని కాకుండా "అమ్మ నాతో ఉండాలని ఉంది కాబట్టి" చేయండి. ఏడాదిలో కొన్ని నెలలు మీ దగ్గర, కొన్ని నెలలు వాళ్ల దగ్గర అంటే ఇద్దరికీ ఊపిరాడుతుంది, కాకపోతే ఆ వయసులో అటూ ఇటూ మారడం ఆవిడకు శ్రమ. తీసుకురాకపోతే ఖర్చులో, వైద్యుల చుట్టూ తిరగడంలో మీ వంతు స్పష్టంగా తీసుకోండి. లేకపోతే ఆ అపరాధ భావంతో రేపు ఎప్పుడో వేరే దానికి తలూపేస్తారు. అన్నిటికన్నా ముందు, ఎక్కడ ఉండాలనుందో అమ్మను అడిగారా? ఆరు పేజీల్లో అదొక్కటీ కనబడలేదు.

చివరికి ఆయన. మీ మూడు వాక్యాలు పట్టుకుని ఆయన్ని కొట్టిపారేయను. కొన్ని మంచి కాపురాలు అంతకన్నా తక్కువతో మొదలయ్యాయి. కానీ ఆయన్ని పడ్డప్పుడు లేపే మనిషిగా లెక్కేసుకుంటే అది ఆయనకు అన్యాయం. ఆయనకూ ఉద్యోగం ఉంది, ఆయన ఇంట్లో లేని పూట కూడా కాలు జారుతుంది. ఆయనకూ వయసొస్తుంది, ముందు మంచాన పడేది ఆయనే కావచ్చు. పెళ్లితో సంతోషం పెరుగుతుందా అంటే, రిచర్డ్ లూకస్ అనే మనస్తత్వవేత్త బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ఉంది. 24 వేల మందికి పైగా మనుషుల్ని 15 ఏళ్ల పాటు గమనిస్తే, పెళ్లి సమయంలో కొద్దిగా పెరిగిన తృప్తి సగటున మళ్లీ పాత స్థాయికే వచ్చింది. అందరికీ ఒకేలా జరగలేదు. కొందరికి పెరిగి నిలిచింది, కొందరికి తగ్గింది. మీరు ఏ వైపో లెక్కలు చెప్పవు, ఇంకో నాలుగుసార్లు కలిస్తే మీకే తెలుస్తుంది.

ఒప్పుకుంటే మీ పొద్దులు మీవిగా ఉంచుకునే సంగతి ముందే మాట్లాడుకోవాలి, ఒక గది విడిగా కావాలనడంతో సహా. పెళ్లయ్యాక చెబితే అది అలకలా కనిపిస్తుంది. వద్దంటే కొన్నాళ్లు ఖాళీగా అనిపిస్తుంది, స్నేహితురాలు మొహం ముడుచుకుంటుంది. జీవితాంతం ఇలాగే ఉంటానని ప్రమాణం చేసినట్టు మాత్రం కాదు. గడువు లేకుండా కలుస్తూ ఉంటామంటే, ఎదురుచూడలేక ఆయన వెళ్లిపోయే ప్రమాదం ఉంది, అది ఆయన హక్కు. ఎవరి ఇంట్లో వాళ్లు ఉంటూ తోడుగా ఉండే జంటలూ లోకంలో ఉన్నారు. మీ స్వభావానికి అది సరిపోవచ్చనిపించింది. కానీ నలుగురి నోళ్లలో నానడానికి మీరు సిద్ధమేనా, దానికి ఆయన ఏమంటారు అన్నవి ఉన్నాయి, పైగా రాత్రిళ్లు మళ్లీ ఒక్కరే కాబట్టి పట్టుకమ్మీ అప్పటికీ కావాల్సిందే.

ఒక్క సంగతి గమనించారా? నెలాఖరు గడువు పెట్టింది మీ స్నేహితురాలు. ఆయన ఎప్పటికి జవాబు కావాలనుకుంటున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మధ్యలో మనిషిని పక్కన పెట్టి ఆయనకే ఫోన్ చేయండి. పడ్డ రాత్రి సంగతి చెప్పండి. ఆ భయంలో జవాబివ్వడం ఇష్టంలేక ఆగానని చెప్పండి. ఆయన వెంటనే "అందుకే పెళ్లి చేసుకోవాలి" అంటారో, "మరి తలుపు ఎలా తీశారు?" అని అడుగుతారో వినండి.